ఆరు తీగలూ ఒకే పొడవు కదా సార్!

పోయిన నెల ఈ పేజీలో ఒకరికి జవాబిస్తూ "తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత సన్నగా పలుకుతుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, సగం మాట చెప్పి వదిలేయకూడదు. పట్టుకున్నారు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తీగల మీదే. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. నల్లగొండలో మా ఇంట్లో మనవరాలి గిటారు ఒకటి ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొలిచే టేపు పక్కన పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను. వాయించడం మాత్రం రాదు, ముందే చెబుతున్నా.

సార్, పొడవు తగ్గితే శ్రుతి పెరుగుతుందన్నారు. నా గిటారుకు ఆరు తీగలూ ఒకే పొడవు. మరి ఆరూ ఆరు రకాలుగా ఎందుకు పలుకుతున్నాయి? – ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, మిర్యాలగూడ

తప్పు నాదే బిడ్డా. పొడవు ఒక్కటే కాదు, బిగువూ బరువూ కూడా ఉన్నాయి. మీ పుస్తకంలో ఉన్నదే: పౌనఃపున్యం (తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) పొడవుకు విలోమానుపాతం, తన్యత (బిగువు) వర్గమూలానికి అనులోమానుపాతం, ఏకాంక పొడవుకు ఉండే ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమానుపాతం. ఇది నీకు నోటికి వచ్చు, నాకు తెలుసు. మార్కులు పడతాయి, అర్థం మాత్రం కాదు. నాకూ ఆ వయసులో కాలేదు.

అర్థమైంది చేంతాడు దగ్గర. మునుగోడు వైపు మా ఊళ్లో బావి పక్కన వేపచెట్టు ఉండేది. తోడడం అయిపోయాక చేంతాడు ఒక కొసను చెట్టుకు కట్టి, రెండో కొస నేను పట్టుకుని, ఒక్కసారి పైకీ కిందికీ జాడించేవాణ్ణి. తాడు మీద ఒక గూను లేచి చెట్టు దాకా పరుగెత్తేది. చెట్టుకు తగిలి, తలకిందులై, మళ్లీ నా చేతికి వచ్చి కొట్టేది. తాడును గట్టిగా లాగి పట్టుకుంటే గూను గబగబా పోయి వచ్చేది. వదులుగా పట్టుకుంటే తాపీగా. ఎండిన తాడు మీద ఒక వేగం, నీళ్లు పీల్చుకుని బరువెక్కిన తాడు మీద దానికన్నా తక్కువ వేగం. చెట్టుకు దగ్గరగా జరిగి తాడు పొట్టి చేస్తే దారే తక్కువ కాబట్టి తొందరగా తిరిగొచ్చేది. మూడు నియమాలూ అక్కడే ఉన్నాయి. ఊళ్లో బావి లేకపోతే బట్టలారేసే దండెం మీద చేసి చూడు, అమ్మ తిట్టకముందే.

గిటారు తీగను మీటినప్పుడు జరిగేదీ అదే. వేలు వదలగానే మెలిక రెండుగా చీలి, ఒకటి అటు, ఒకటి ఇటు పరుగెడుతుంది. తల దగ్గర తెల్ల పట్టీకి తగిలి ఒకటి, పెట్టె మీద తీగలు ఆనే బ్రిడ్జికి తగిలి ఒకటి వెనక్కి తిరుగుతాయి. సెకనుకు అవి ఎన్నిసార్లు పోయి వస్తాయో అదే పౌనఃపున్యం. మా మనవరాలి గిటారు మీద ఆ పట్టీ నుంచి బ్రిడ్జి దాకా 648 మిల్లీమీటర్లు. అంటే పోయి రావడానికి దాదాపు 130 సెంటీమీటర్లు. అన్నిటికన్నా సన్నని ఒకటో తీగ సెకనుకు 330 సార్లు పలకాలి. లెక్క కట్టు: ఆ మెలిక సెకనుకు 427 మీటర్ల వేగంతో, అంటే గాలిలో శబ్దం కన్నా వేగంగా పరుగెడుతోంది. అన్నిటికన్నా లావు ఆరో తీగ సెకనుకు 82 సార్లు. దాని మీద మెలిక వేగం 107 మీటర్లే.

దారి ఒకటే అయినా వేగాలు వేరు. నీ ప్రశ్నకు జవాబు ఈ వేగాల్లోనే ఉంది.

వేగం మార్చడానికి రెండు దార్లు. ఆరో తీగను వదులు చేయవచ్చు, లేదా బరువు పెంచవచ్చు. వదులు చేస్తే పని జరగదు. ఒకటో తీగకూ ఆరో తీగకూ మధ్య శ్రుతి తేడా నాలుగు రెట్లు. బిగువు వర్గమూలంలో పనిచేస్తుంది కాబట్టి, ఒకే రకం తీగ వేస్తే ఆరోదాన్ని పదహారో వంతు బిగువుకు దించాలి. అది మెట్ల (ఫ్రెట్ల) మీద పడి గరగరలాడుతుంది తప్ప పాట పలకదు. అందుకే బిగువు ఇంచుమించు ఒక్కటే ఉంచి, బరువు పెంచారు. పన్నెండు సెట్ (ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) అని షాపులో అడుగుతారు చూడు, అందులో ఒకటో తీగ మీటరుకు అర గ్రాము పైచిలుకు, ఆరోది సుమారు 10 గ్రాములు. 18 రెట్లు. పదహారే చాలాలి కదా అంటావేమో, ఆరోదాన్ని కొంచెం ఎక్కువ బిగిస్తారు, ఆ తేడా అక్కడిది.

ఇంకో సంగతి. ఆరో తీగను దగ్గరగా చూడు. అది ఒక్క తీగ కాదు. లోపల సన్నని ఉక్కు తీగ, దాని మీద కంచు తీగ దారపుకండెలాగా చుట్టి ఉంటుంది. అంత బరువు ఒక్క ఉక్కు తీగతోనే తేవాలంటే దాదాపు 1.3 మిల్లీమీటర్ల మందం కావాలి. అది తీగలా వంగదు, సైకిల్ పుల్లలా మొండికేస్తుంది. తీగకు అసలు స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉండే చిన్న స్వరాలు కూడా కలిసి పలుకుతాయి, తియ్యదనం అక్కడే ఉంటుంది. పుల్ల మొండితనం వల్ల ఆ లెక్కలు తప్పి పైపైకి పోతాయి. వినడానికి గునపం మీద కొట్టినట్టుంటుంది. చుట్టిన తీగలో బరువు పైచుట్టుది, వంగే గుణం లోపలి తీగది.

సార్, బిగువు రెండింతలు చేస్తే శ్రుతి రెండింతలు కావాలి కదా. వర్గమూలం ఎందుకు మధ్యలో దూరింది? – డిగ్రీ విద్యార్థిని, సూర్యాపేట

నువ్వొక్కదానివే కాదమ్మా, పైథాగరస్ పేరు మీద చెప్పుకునే కథ కూడా అలాగే అనుకుంది. ఒక తీగకు 6 పాళ్లు, ఇంకోదానికి 12 పాళ్లు బరువు వేలాడదీస్తే సరిగ్గా షడ్జమం, పై షడ్జమం (అంటే రెట్టింపు శ్రుతి) పలుకుతాయని వందల ఏళ్లు రాసుకున్నారు. ఎవరూ వేలాడదీసి చూసినట్టు లేరు. 1580లలో విన్చెంజో గెలీలీ అనే ఇటలీ సంగీతకారుడు చూశాడు. రెట్టింపు చాలదు, నాలుగింతలు కావాలి అని తేలింది. ఆయన లూట్ అనే గిటారులాంటి తీగల వాద్యం వాయించేవాడు. మన పుస్తకాల్లో ఉండే గెలీలియో ఆయన కొడుకే. తర్వాత 1636లో ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే పండితుడు మూడు నియమాలనూ ఒక్కచోట అచ్చువేశాడు, అందుకే అవి ఆయన పేరు మీద నడుస్తున్నాయి.

ఎందుకు వర్గమూలం అంటే, గూను రెట్టింపు వేగంతో పోవాలంటే తాడులో ప్రతి ముక్కా సగం టైములో లేచి దిగాలి. సగం టైములో అంతే దూరం కదలాలంటే త్వరణం నాలుగింతలు కావాలి. త్వరణం నాలుగింతలంటే బలమూ నాలుగింతలే. న్యూటన్ రెండో నియమం, అంతకన్నా ఏమీ లేదు.

నా సంగతి కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాలేజీ ల్యాబ్‌లో సోనోమీటర్ (చెక్కపెట్టె మీద తీగ బిగించి, కొసకు బరువులు వేలాడదీసే పరికరం) మీద ఇదే చూపించాలని హుషారుగా మొదలుపెట్టాను. కిలో వేలాడదీసి, శృతిదండం మోగించి పెట్టె మీద ఆనించి, తీగ మీద కాగితం ముక్క ఎగిరిపడేదాకా తీగ కింద ఆనించే గుర్రాలు జరిపాను. కాగితం ఎగిరింది, పిల్లలు చప్పట్లు. ఇక పొడవు మార్చకుండా పై షడ్జమం తెస్తానని అర కిలో బిళ్లలు ఒక్కొక్కటే వేస్తూ పోయాను. మూడున్నర దగ్గర తీగ పుటుక్కుమంది. తుప్పు పట్టిన తీగ, నేను చూసుకోలేదు. బిళ్లలన్నీ నా ఎడమ కాలి బొటనవేలి మీద. వారం రోజులు కుంటుకుంటూ క్లాసుకు పోయాను. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పటికీ కనిపిస్తే "సార్, బిగువు నాలుగింతలు" అంటారు. వాళ్లకు వర్గమూలం మరిచిపోయే అవకాశమే లేదు.

మా బ్యాండ్‌లో ఒకటో తీగ నెలకు రెండుసార్లు తెగుతోంది. పాడేవాడి గొంతుకు సరిపోవాలని మూడు మెట్లు పైకి బిగిస్తాం. లావు తీగ వేస్తే ఆగుతుందా? – కోదాడ నుంచి ఒక యువకుడు

ఆగదు తమ్ముడూ. అందరికీ ఆగుతుందనే అనిపిస్తుంది, నేనూ లెక్క వేసేదాకా అలాగే అనుకున్నాను. లావు తీగ ఎక్కువ బలం తట్టుకుంటుంది, నిజమే. కానీ లావైనకొద్దీ బరువూ పెరిగింది కదా, అదే శ్రుతికి తేవాలంటే దాన్ని అంతకంత ఎక్కువ లాగాలి. రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి. ఫలితం ఏమిటంటే, ఒకే ఉక్కు, ఒకే పొడవు ఉన్నంతకాలం సన్నదైనా లావైనా ఇంచుమించు ఒకే శ్రుతి దగ్గర తెగుతాయి. మామూలు శ్రుతిలోనే ఒకటో తీగ చదరపు మిల్లీమీటరుకు 146 కిలోల లెక్కన లాగబడి ఉంటుంది. మంచి ఉక్కు తీగ 260 దాకా ఓర్చుకుంటుందనుకో, నాలుగైదు మెట్లు పైకి పోగానే తెగాల్సిందే. నువ్వు మూడు మెట్ల దగ్గర దాని ఓపికను రోజూ పరీక్షిస్తున్నావు.

తీగ సంగతి సరే, గిటారు సంగతి చూడు. మామూలుగానే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతుంటాయి. సిమెంటు బస్తాన్నర. మూడు మెట్లు పెంచితే బిగువు 41 శాతం పెరిగి వంద కిలోలు దాటుతుంది. మెడ వంగుతుంది, బ్రిడ్జి లేచొస్తుంది. ఐదొందలు పెట్టి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) కొనుక్కుని మూడో మెట్టు మీద బిగించు. అది పొడవు తగ్గించి శ్రుతి పెంచుతుంది, బిగువు జోలికి పోదు.

ఇంకొకటి. ఈసారి తెగినప్పుడు ఎక్కడ తెగిందో చూడు. ప్రతిసారీ బ్రిడ్జి దగ్గరే అయితే అక్కడ అంచు పదునుగా ఉన్నట్టు. సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్దు.

గిటారు మీద మెట్లు పోనుపోనూ దగ్గరవుతాయి ఎందుకు? మా ఊరి వైపు కిన్నెరకు కూడా మెట్లుంటాయి. లెక్క ఒకటేనా? – పదో తరగతి విద్యార్థిని, అచ్చంపేట

మంచి చోట ఉన్నావమ్మా. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారిది మీ నాగర్‌కర్నూల్ జిల్లాలోని లింగాల మండలమే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గిటారు వాళ్లు ఫ్రెట్ అంటే మనం మెట్టు అంటాం, వీణకూ అదే మాట. నా ఓటు మెట్టుకే. శ్రుతి ఎక్కే మెట్టు అది.

మెట్టు మీద వేలు నొక్కితే తీగలో పలికే భాగం పొట్టిదవుతుంది. ఒక్కో మెట్టుకూ ఇన్ని సెంటీమీటర్లు అని సమానంగా తగ్గిస్తే పాట రాదు. చెవి తేడాలను కాకుండా రెట్లను గుర్తుపడుతుంది. కాబట్టి ప్రతి మెట్టుకూ మిగిలిన పొడవులో ఒకే వంతు తగ్గాలి. మిగిలింది తగ్గుతూ పోతుంది కాబట్టి దాని వంతూ తగ్గుతుంది. కుండలో నీళ్లు ప్రతిసారీ పద్దెనిమిదో వంతు తీస్తూ పోతే మొదటి చెంబు నిండా వస్తుంది, తర్వాతి చెంబులు వెలితి పడతాయి. అంతే.

టేపుతో కొలిచాను. మొదటి గడి, అంటే పట్టీకీ మొదటి మెట్టుకూ మధ్య జాగా, 36.4 మిల్లీమీటర్లు, రెండోది 34.3. పన్నెండో మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగం, 324. అది దాటాక వచ్చే గడి 18.2, అంటే మొదటి గడిలో సగం. ప్రతిసారీ తీసే వంతు 17.817లో ఒకటి. పైన చెప్పిన విన్చెంజో గెలీలీ 1581లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని 18 అన్నాడు. ఆ లెక్కన 648ని 18తో భాగిస్తే 36 అని తేలిగ్గా వస్తుంది, చేసుకుంటూ పోవడం సులువు. కానీ పన్నెండు మెట్లెక్కేసరికి సగానికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగిపోతుంది. అంటే కొంచెం తక్కువ శ్రుతి. అయినా ఆ పాత వాద్యాలు బాగానే పలికాయి. వేలితో నొక్కినప్పుడు తీగ కాస్త సాగి బిగువు పెరుగుతుంది, ఆ తక్కువ అక్కడ కొంతవరకు సర్దుకుంటుంది. లెక్కలో తప్పును వేలు దిద్దింది అన్నమాట.

కిన్నెర అయినా, వీణ అయినా తీగకు ఈ రెట్ల లెక్క ఒకటే. ఏ స్వరాలు కావాలనేది మాత్రం వాయించేవాడి ఇష్టం, అన్ని మెట్లూ అరస్వరాలకే (గిటారులో పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడా) పెట్టాలని లేదు. ఈసారి కిన్నెర దగ్గరగా కనిపిస్తే, ఎవరిదో వారిని అడిగి, ఒక దారం మీద మెట్ల చోట్లు గుర్తుపెట్టుకుని ఇంటికి తెచ్చి కొలిచి నాకు రాయి.

నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను. గిటారు గాంధారం నా చెవికి గుచ్చుకుంటుంది. నా చెవిదా తప్పు, గిటారుదా? – వనపర్తి నుంచి ఒక సంగీతం టీచరు

మీ చెవి నిక్కచ్చిగా ఉందమ్మా. పంచమం స్వచ్ఛంగా పలకాలంటే తీగలో మూడింట రెండు వంతులు పలకాలి: 432 మిల్లీమీటర్లు. గిటారు ఏడో మెట్టు దగ్గర మిగిలేది 432.5. అర మిల్లీమీటరు తేడా, ఎవరికీ తెలియదు. మధ్యమానికి 486 కావాలి, గిటారులో 485.5. అదీ పర్లేదు. అంతర గాంధారానికి అయిదింట నాలుగు వంతులు, అంటే 518.4 కావాలి. నాలుగో మెట్టు దగ్గర ఉన్నది 514.3. నాలుగు మిల్లీమీటర్లు పొట్టి! తంబుర పక్కన పెట్టుకుని రోజూ పాడే మీకు ఆ హెచ్చు గుచ్చుకోక ఏం చేస్తుంది.

పన్నెండు అరస్వరాలనూ సమానంగా పంచితే ఏ శ్రుతిలోనైనా ఒకేలా వాయించుకోవచ్చని చేసిన సర్దుబాటు అది. ధర గాంధారం కట్టింది. వీణకైతే మెట్లను మైనంలో నిలబెడతారు, చెవితో వింటూ అటూ ఇటూ జరుపుతారు. గిటారు మెట్టు కొయ్యలో దిగగొట్టిన లోహపు పట్టీ. మీ శిష్యులెవరైనా గిటారు పట్టుకొస్తే మూడో మెట్టు మీద నొక్కి తీగను పక్కకు లాగి గాంధారం అందుకోమనండి. నాలుగో మెట్టు మీద నుంచి మాత్రం కిందికి దిగడం కుదరదు, లాగితే పైకే పోతుంది.

బాగుచేయమని గిటారు ఒకటి తెచ్చి ఇచ్చిండ్రు. ముందు చెక్క పగిలింది. వెనక నుంచి మంచి టేకు పలక అతికిస్తే గట్టిగా ఉంటది. శ్రుతి ఏమన్నా మారుతదా? – వడ్రంగి, దేవరకొండ

శ్రుతి మారదు అన్నా. శ్రుతి తీగది. పెట్టె పెద్దదైతే లావు శ్రుతి వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ అదే తీగ, అదే పొడవు, అదే బిగువు ఉంటే ఏ పెట్టె మీదైనా అదే స్వరం.

మారేది గొంతు. తీగ చాలా సన్నం, అది గాలిని కోసుకుంటూ పోతుంది తప్ప నెట్టదు. ఒట్టి తీగ చప్పుడు పక్క గదికి కూడా పోదు. తీగ ఊపు బ్రిడ్జి మీదుగా ముందు చెక్కకు ఎక్కి, అంత వెడల్పు చెక్క ఊగితేనే గాలి కదిలి మనకు వినిపిస్తుంది. అందుకే దాన్ని రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పలుచన చేస్తారు, తేలిక కొయ్యతో. నువ్వు టేకు పలక వేస్తే బీరువా తలుపంత గట్టిగా ఉంటుంది, బీరువా తలుపంతే మోగుతుంది. పగులును జిగురుతో కలిపి, లోపల పగులుకు అడ్డంగా గోరంత తేలిక ముక్కలు రెండు మూడు అతికించు చాలు. లోపల ఇప్పటికే ఉన్న పట్టీలను మాత్రం చెక్కొద్దు, 70 కిలోల లాగుడును అవే మోస్తున్నాయి.

మగ్గం మీద పడుగు పోగును గోటితో మీటితే టప్ మంటది, మోగదు. బిగువు ఉంది కదా? – నేత కార్మికుడు, గట్టుప్పల్

నూలు పోగులో వేల పీచులు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఊపును అవే తినేస్తాయి. పైగా మగ్గానికి గిటారు పెట్టె లేదు. అయినా ఆ టప్‌లోనూ శ్రుతి ఉంది. వదులైన పోగు టప్ వేరు, బిగిసిన పోగు టప్ వేరు. అది నాకన్నా మీ వేలికే బాగా తెలుసు.

ఎండాకాలం ప్రోగ్రాంలో బయట వాయిస్తే పది నిమిషాల్లో శ్రుతి దిగిపోతుంది. – నల్లగొండ

ఉక్కు వేడికి సాగుతుంది, సాగితే బిగువు తగ్గుతుంది. చెక్క అంతగా సాగదు. నీడలోంచి ఎండలోకి వచ్చి తీగ 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటో తీగ దాదాపు అరస్వరంలో ఏడో వంతు దిగుతుందని నా లెక్క. మన మే నెల ఎండకు 10 డిగ్రీలు ఒక లెక్కా. గిటారును పావుగంట ముందే స్టేజీ దగ్గర నీడలో ఉంచి, అక్కడి వేడికి అలవాటు పడ్డాక శ్రుతి చేసుకోండి. కారులో వదిలి తలుపులేస్తే తీగలతో పోదు, జిగురే మెత్తబడుతుంది.

భజనలో తంబుర తీగ కింద నూలు దారం దూర్చి సర్దితే ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు మోగుతుంది. దారం బిగువు పెంచదు, పొడవు తగ్గించదు. మరి ఏం చేస్తోంది? – తత్వాలు పాడే ఒక పెద్దాయన, కొల్లాపూర్

అయ్యా, ఈ నెల ఉత్తరాల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది మీదే. మీరన్నది నిజం, శ్రుతి మారదు. మారేది దాని వెంట పలికే చిన్న స్వరాల పాలు.

గిటారు తీగను సరిగ్గా మధ్యలో, పన్నెండో మెట్టు మీద మీటి చూస్తే మెత్తగా, కొంచెం డొల్లగా వినిపిస్తుంది. బ్రిడ్జి పక్కన మీటితే చురుగ్గా. ఎందుకంటే, ఏ చిన్న స్వరానికి తీగ మీద ఏ బిందువు కదలకుండా ఉండాలో సరిగ్గా ఆ బిందువును మీరు లాగి వదిలితే ఆ స్వరం పుట్టదు. మధ్యలో మీటితే రెండు రెట్లు, నాలుగు రెట్లు ఉండే స్వరాలు రావు. ఈ నియమాన్ని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరు మీద చెబుతారు.

మన సి.వి. రామన్ గారు 1921లో వీణ, తంబుర మీద రాసిన పరిశోధనలో ఈ నియమం ఇక్కడ చెల్లదని చూపించారు. ఎక్కడ మీటినా రాకూడని స్వరాలు కూడా వస్తున్నాయి! కారణం గుర్రం. గిటారు బ్రిడ్జి అంచు కత్తివాదరలా ఉంటుంది, తీగ అక్కడితో ఆగిపోతుంది. తంబుర గుర్రం వెడల్పుగా, కొంచెం వంపుగా ఉంటుంది. ఊగుతున్న తీగ ఆ వంపును తాకుతూ, వదులుతూ ఉంటుంది. ప్రతి తాకిడికీ ఊపులో కొంత చిన్న స్వరాలకు పోతుంది. దారం చేసే పని తీగను వెంట్రుకవాసి పైకి లేపి, ఆ తాకీ తాకని చోటు కుదర్చడం. కాస్త అటైతే మూగ, కాస్త ఇటైతే గరగర. మీ వాళ్లు దాన్ని జీవం అంటారు కదా, రామన్ గారికీ అంతకన్నా మంచి మాట దొరికి ఉండదు.

హాస్టల్‌లో ఫోన్ ఉండనివ్వరు సార్. ట్యూనర్ యాప్ లేకుండా గిటారు శ్రుతి ఎట్లా? – మహబూబ్‌నగర్ నుంచి బి.ఎస్సీ. విద్యార్థి

మీ హాస్టల్ బయట ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? ఉంటే నీకు ట్యూనర్ ఉన్నట్టే. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము ఒక్కో ఊపులో రెండుసార్లు అయస్కాంతమై, ఆ రెండుసార్లూ కంటికి కనిపించనంత సాగి ముడుచుకుంటుంది. కాబట్టి ఆ గుయ్‌మనే చప్పుడు సెకనుకు 100.

నీ ఆరో తీగ మూడో మెట్టు మీద పలకాల్సింది 98. మీటి, రెండు చప్పుళ్లూ కలిపి విను. రెండూ కలిసి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి, మీ పుస్తకంలో విస్పందనాలు అని ఉంటుంది. ఎన్ని తేడా ఉంటే సెకనుకు అన్ని. తీగను ముందు బాగా దించి, మెల్లగా బిగిస్తూ రా. మొదట గబగబా ఊగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. సెకనుకు రెండు ఊపుల దగ్గర ఆపు. ఊపు పూర్తిగా ఆగిపోతే 100 అయినట్టు, కొంచెం దించు.

మా వీధి మూల మీద నేనూ మనవరాలూ చేసి చూశాం. తర్వాత యాప్ పెట్టి చూస్తే సూది మధ్యకు ఒక్క గీత ఇవతల నిలిచింది. ఎదురింటావిడకు మాత్రం రిటైరయ్యాక నాకేదో అయిందని అనుమానం.

ఆరోది కుదిరాక దాని అయిదో మెట్టుకు అయిదో తీగను కలుపు. అయిదోదాని అయిదో మెట్టుకు నాలుగోది, నాలుగోదాని అయిదో మెట్టుకు మూడోది. మూడోదానికి మాత్రం నాలుగో మెట్టుకు రెండోదాన్ని కలపాలి, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. రెండోదాని అయిదో మెట్టుకు ఒకటోది. అన్నట్టు, కంచె లోపలికి పోవద్దు. పదిహేను అడుగుల అవతల నిలబడినా రాత్రి పూట బాగానే వినిపిస్తుంది.